అడ్రసు రాస్తే కవరు పాడైపోతుందా?

ఆమధ్య విశాఖలో ఓ చిన్న స్టాంపుల ప్రదర్శన జరిగితే నేవీలో ఉన్నప్పుడు మా చిన్నాన్న ఇంటికి రాసిన ఇన్లాండ్ లెటర్లు మూడు పట్టుకెళ్లాను. అమ్మడానిక్కాదు. తెలిసినవాళ్లెవరైనా చూసి నాలుగు మాటలు చెబుతారేమోనని. బల్ల వేసుక్కూర్చున్న ఓ వ్యాపారి వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేవీ మెయిలే గానీ, వాడేశారండీ. చేత్తో అడ్రసు, లోపలంతా రాత, మడతలు. రేటు రాదు" అన్నాడు.

తర్వాత తన ఆల్బమ్ తెరిచి ఎలా ఉండాలో చూపించాడు. 2006లో విశాఖలో రాష్ట్రపతి నౌకాదళ సమీక్ష జరిగినప్పటి ఫస్ట్ డే కవరు, అంటే స్టాంపు విడుదలైన రోజే ముద్ర కొట్టిన కవరు. 2016లో ఇక్కడే జరిగిన అంతర్జాతీయ సమీక్షది ఇంకొకటి. రెండూ తెల్లగా మల్లెపువ్వుల్లా ఉన్నాయి. మీద బొమ్మ, స్టాంపులు, ముద్ర అన్నీ ఉన్నాయి, అడ్రసు మాత్రం లేదు. ఎవరికీ రాయలేదు, ఎక్కడికీ వెళ్లలేదు. కౌంటర్లో ముద్ర వేయించుకుని నేరుగా ప్లాస్టిక్ తొడుగులోకి వచ్చేశాయి. ఎవరికీ పంచని శుభలేఖల్లాంటివన్నమాట.

నేను ఆయనతో వాదించలేదు. పక్కనే ఇద్దరు పిల్లలు స్టాంపులు ఏరుకుంటుంటే ఆయన బేరం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. ఆ వాదనేదో ఇక్కడ చేస్తాను. ఓ ఓడ చరిత్ర తెలుసుకోవాలంటే, అందులోనూ సముద్రం లోతులు కొలిచే సర్వే షిప్పు చరిత్ర తెలుసుకోవాలంటే, ఆ తెల్లటి కవర్లు దాదాపు ఎందుకూ పనికిరావు. రేటు రాదన్న ఆ మడతల కాయితాల్లోనే అసలు సరుకంతా ఉంది.

చిన్నాన్న పనిచేసిన సర్వే షిప్పు పేరు ఐఎన్ఎస్ సంధాయక్. వెతికేది, శోధించేది అని అర్థం. ఇప్పుడున్న కొత్త సంధాయక్ గురించి కాదు, పాతదాని గురించి చెబుతున్నాను. కలకత్తాలో ఓడలు కట్టే గార్డెన్ రీచ్‌లో 1978లో దాని కీల్, అంటే అడుగు దూలం, వేశారు. సర్వే షిప్పుల్ని మన దేశంలోనే డిజైన్ చేసి మనమే కట్టుకోవాలని రియర్ అడ్మిరల్ ఎఫ్.ఎల్. ఫ్రేజర్‌కి గట్టి పట్టుదల ఉండేది. ఈ ఓడ ఆలోచన ఆయనదే. 1981 ఫిబ్రవరి 26న, అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎం.కె. రాయ్ చేతుల మీదుగా నౌకాదళంలో చేరింది. నలభై ఏళ్లు పనిచేసి 2021 జూన్ 4న విశాఖలో జెండా దించుకుంది. కోవిడ్ రోజులు కాబట్టి జనం, హడావిడి ఏమీ లేకుండా చిన్నగా కానిచ్చేశారు.

ఆ రోజు పేపర్లలో వచ్చిన వార్తలు చూస్తే సర్వీసు చరిత్ర ఇలా ఉంటుంది. 1987లో శ్రీలంకకి శాంతిసేన వెళ్లినప్పుడు ఆపరేషన్ పవన్‌లో సాయం. 2004 సునామీ తర్వాత శ్రీలంకకే సాయంగా ఆపరేషన్ రెయిన్‌బో. 2019 నవంబర్‌లో విశాఖ, కాకినాడల్లో అమెరికా వాళ్లతో కలిసి చేసిన టైగర్ ట్రయంఫ్ విన్యాసం. వీటన్నిటికీ తోడు ఇంకో వాక్యం: పెద్ద సర్వేలు 200కి పైగా చేసింది.

ఈ జాబితాని కాస్త నిదానంగా చూడండి. పేరు పెట్టి, ఏడాది వేసి చెప్పినవన్నీ ఆ ఓడ తన పని పక్కన పెట్టి చేసినవి. నలభై ఏళ్లపాటు రోజూ చేసిన అసలు పని మాత్రం ఒక్క అంకెలో అయిపోయింది. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు రిటైరైతే, ఎన్నికల డ్యూటీ బాగా చేశారని సన్మానం చేసినట్టుంది. తప్పని అనను. యుద్ధాలకీ తుఫాన్లకీ పేర్లుంటాయి. లోతు కొలవడానికి ఎవరు పేరు పెడతారు?

సర్వే షిప్పు పనేమిటో మా తాతకి చిన్నాన్న ఎంత చెప్పినా ఎక్కలేదు. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరలోనే ఉన్న ఊరు. నేవీ అంటే తుపాకులు, ఫిరంగులు అని తాత లెక్క. ఈ షిప్పేమో తెల్లగా, పసుపుపచ్చ పొగగొట్టంతో పెళ్లికొచ్చిన బస్సులా ఉంటుంది. చివరికి చిన్నాన్నే ఓ దారి కనిపెట్టాడు. "పొలం దున్నినట్టే నాన్నా. ఈ కొస నుంచి ఆ కొసకి ఒక సాలు, మళ్లీ వెనక్కి తిరిగి పక్కనే ఇంకో సాలు. నాగలికి బదులు కిందికి చప్పుడు వదులుతాం. అది నేలకి తగిలి తిరిగొచ్చే టైము చూసి లోతు రాసుకుంటాం." సముద్రపు నీళ్లలో ధ్వని సెకనుకి దాదాపు 1,500 మీటర్లు పోతుంది. చప్పుడు వెళ్లి రావడానికి సరిగ్గా ఒక సెకను పట్టిందంటే కింద 750 మీటర్ల లోతున్నట్టు. లెక్క ఇంతే. కష్టమంతా ఆ చప్పుడు వదిలిన క్షణంలో మనం సముద్రం మీద కచ్చితంగా ఎక్కడున్నామో చెప్పడంలో ఉంది. జీపీఎస్ రాని రోజుల్లో ఒడ్డు మీద గుర్తులు పాతి, సెక్స్‌టెంట్‌తో కోణాలు పట్టి, ఒక్కో చుక్కనీ కాయితం మీద పెట్టేవాళ్లు. ఒడ్డుకి దగ్గరగా పెద్ద ఓడ వెళ్లలేదు కాబట్టి చిన్న బోట్లు దింపేవాళ్లు. అదంతా శుభ్రంగా గీసి డెహ్రాడూన్‌లోని హైడ్రోగ్రాఫిక్ ఆఫీసుకి పంపితే అక్కడ చార్టు, అంటే ఓడలు నడిపేవాళ్లు వాడే సముద్రపు పటం, తయారవుతుంది. సముద్రాన్ని కొలిచేవాళ్ల ఆఫీసు హిమాలయాల కింద ఎందుకుందని నన్నడక్కండి. 1954 నుంచీ అక్కడే ఉంది.

సర్వే షిప్పు పుట్టిందే 'ఏది ఎక్కడుంది' అన్నది చెప్పడానికి. రాయి ఎక్కడుంది, ఇసుక మేట ఎక్కడుంది, మునిగిపోయిన ఓడ ఎక్కడుంది అన్నీ మీటర్ల తేడా రాకుండా చెప్పాలి. కానీ అదే ఓడ నుంచి వచ్చిన ఉత్తరం మీద మాత్రం ఆ ఓడ ఎక్కడుందో ఉండకూడదు. ఈ తమాషానే నన్ను ఈ ఉత్తరాల వెంట పడేలా చేసింది.

మా ఇంట్లో అందరికీ ఆ అడ్రసు కంఠతా వచ్చు. పేరు, నంబరు, ఐఎన్ఎస్ సంధాయక్, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీసు, విశాఖపట్నం, 530014. ఓడ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నా, గుజరాత్ తీరంలో ఉన్నా, నడి సముద్రంలో ఉన్నా అదే అడ్రసు. సంచులు విశాఖలో ఫ్లీట్ మెయిల్ ఆఫీసుకి చేరతాయి. ఓడ రేవులో ఉంటే షిప్పు తరఫున ఓ సెయిలర్ వెళ్లి తెచ్చుకుంటాడు. లేకపోతే అది తర్వాత తగిలే రేవుకి సంచి పంపిస్తారు. పంపేవాడికి ఏ రేవో తెలియనక్కర్లేదు. సైన్యంలో ఇంకో రకం: పిన్ కోడ్ తొమ్మిదితో మొదలవుతుంది, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), 99 ఏపీఓ అని ఉంటుంది, దేశంలో ఏ మూలో కూడా తెలియనివ్వదు. నౌకాదళం అడ్రసు కాస్త నయం, కనీసం విశాఖపట్నం అని ఉంటుంది. మా మామ్మ అందుకే మొదట్లో కొన్నాళ్లపాటు చిన్న కొడుకు విశాఖలోనే ఉన్నాడని, పండగకి రావడానికి బద్ధకిస్తున్నాడని నమ్మింది.

ఇది మనవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నావికుడికి ఉత్తరం రాయాలంటే ఓడ పేరు రాసి కేరాఫ్ జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) లండన్ అనే రాసేవాళ్లు. అదే బడి, అదే పాఠం.

అమెరికా దారి వేరు. అక్కడ 1908లో చట్టం చేసి యుద్ధనౌకల్లోనే పోస్టాఫీసులు పెట్టుకున్నారు. ఓడ పేరుతోనే ముద్ర ఉండేది. ఆ ముద్ర గీతల మధ్య ఓడ ఏ రేవులో ఉందో అక్షరాలు పేర్చి మరీ కొట్టేవాళ్లు. 1932లో ఆ ముద్రలు పోగుచేసేవాళ్లకి ఓ సంఘం కూడా పుట్టింది. వాళ్ల పాత సర్వే షిప్పు హానిబల్‌నే తీసుకోండి. 1898లో ఇంగ్లాండులో బొగ్గు మోయడానికి కట్టిన ఓడ. స్పెయిన్‌తో యుద్ధమని అమెరికా నౌకాదళం కొనేసింది. తర్వాత పనామా, క్యూబా తీరాల్లో ఏళ్ల తరబడి సర్వే చేసి, 1944లో నావికాదళం వదిలించుకున్నాక బాంబులు వేయడం నేర్చుకోవడానికి గురిగా మిగిలింది. అలాంటి ముసలి ఓడ జీవితాన్ని కూడా ముద్రలు పక్కపక్కన పెట్టుకుంటూ పోతే చాలావరకు అల్లుకోవచ్చు. 1941 డిసెంబర్‌లో యుద్ధంలోకి దిగాక వాళ్లూ ముద్రల్లోంచి ఓడ పేర్లు తీసేశారనుకోండి. అయినా అంతకుముందు పోగైనది పోగైంది.

మనకి ఆ సౌకర్యం లేదు. మన ఓడ ఉత్తరం మీద ముద్ర చూస్తే విశాఖ అనే ఉంటుంది, లేదా ఓ నంబరు. అందుకే మన దగ్గర ఈ పని కష్టం. ఒక్క కవరు ఏమీ చెప్పదు. ఒక మనిషి ఒక ఇంటికి రాసినవన్నీ ఒకచోట ఉంటేనే అవి మాట్లాడతాయి. వ్యాపారి దగ్గరేమో ఒక్కో కవరూ ఒక్కో ఊరి నుంచి వచ్చి చేరుతుంది. అడ్రసు ఉంటే రేటు తగ్గుతుందంటాడు. అడ్రసు లేకపోతే ఈ ఉత్తరం ఆ ఉత్తరానికి తమ్ముడని నాకెలా తెలుస్తుంది?

మా ఇంట్లో ఆ ఉత్తరాలు మిగలడానికి కారణం మామ్మ. చదువు రాదు గానీ వచ్చిన ప్రతి కాయితాన్నీ దూలానికి వేలాడదీసిన ఇనప తీగకి గుచ్చేది. ఇన్లాండ్ లెటర్‌ని 'ఇంగ్లాండు కాయితం' అనేది. ఆ రోజుల్లో ఊళ్లో సగం మంది అలాగే అనేవాళ్లు. ఇంగ్లాండు నుంచి వచ్చిందేమో అన్నంత భక్తిగా దాచింది. ఇల్లు పడగొట్టేటప్పుడు తీగతో సహా తీసి నాన్న నాకిచ్చాడు. లెక్కపెడితే అరవై ఒకటి. 1984 నుంచి 1993 దాకా. నడుమ ఒక్కో దానికీ తుప్పు కన్నం. ఆ కన్నం చూస్తే ఆ వ్యాపారి ఏడ్చేవాడు.

ఉత్తరాల్లో ఏముంది? మొదటి నాలుగు లైన్లూ అన్నిట్లోనూ ఒకటే. 'పూజ్యులైన అమ్మకి, నాన్నగారికి మీ చిన్న కుమారుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట నేను క్షేమం, అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాను.' తర్వాత మనియార్డరు అందిందా, ఆవు ఈనిందా, పెద్దన్నయ్య పరీక్ష ఏమైంది. చోటు గురించి ఒక్క ముక్క ఉండదు. రాయకూడదని చెప్పారు, చిన్నాన్న రాయలేదు. ఆయన మొదట్నుంచీ అంతే, చెప్పింది చెప్పినట్టు చేసే రకం.

అయితే మనిషి ఊరుకున్నా కాయితం ఊరుకోదు. ఒక్కో ఇన్లాండ్ మీదా మూడు తేదీలుంటాయి. లోపల చిన్నాన్న చేత్తో వేసిన తేదీ. పైన ఉత్తరం బయల్దేరిన చోట కొట్టిన ముద్ర. వెనక మా ఊరి పోస్టాఫీసు అందుకున్నప్పుడు కొట్టిన ముద్ర. ఈ మూడూ కంప్యూటర్లో పక్కపక్కన వేసుకుని చూశాను. ఓడ విశాఖలో ఉన్నప్పుడు రాసిన రోజే, లేదా మర్నాడే ముద్ర పడింది. మూడో రోజుకి మామ్మ చేతికి అందింది. సముద్రం మీదున్నప్పుడు రాతకీ ముద్రకీ మధ్య ఆరు రోజులు, తొమ్మిది, పన్నెండు. అంటే అన్ని రోజులపాటు ఆ ఉత్తరానికి పోస్టు డబ్బా దొరకలేదు. వీటిని నెలలవారీగా పేర్చితే ఓడ ఊపిరి కనిపించింది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ ఖాళీలు పెద్దవి. వానలు మొదలయ్యాక చిన్నవి. సర్వే సీజనంటే అదే మరి, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు పని, ముసురు పట్టాక రేవుకి రావడం, రిపేర్లు, గీతలు గీసుకోవడం. నాకీ సంగతి ఏ నౌకాదళ ప్రకటనా చెప్పలేదు. తుప్పు కన్నం పడ్డ కాయితాలు చెప్పాయి.

ఇంకా మంచిది ఐదు ఉత్తరాలు. వీటి మీద విశాఖ ముద్ర లేదు. మూడింటి మీద పోర్ట్ బ్లెయిర్, ఒకదాని మీద తూత్తుకుడి, ఒకదాని మీద పారాదీప్. చిన్నాన్న లిబర్టీ మీద, అంటే ఓడ దిగి ఊళ్లో తిరగడానికిచ్చే సెలవు మీద, ఒడ్డుకి వెళ్లినప్పుడు దార్లో కనపడ్డ ఎర్ర డబ్బాలో వేసేశాడన్నమాట. ఎక్కడున్నాడో ఉత్తరంలో రాయని మనిషి, ఉత్తరాన్ని మాత్రం ఊరి డబ్బాలో వేసి దొరికిపోయాడు. పోర్ట్ బ్లెయిర్‌వి మూడూ ఒకే చలికాలంలో వచ్చాయి. ఆ సీజన్ అండమాన్ వైపు పని జరిగిందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

లోపలి రాతలో కూడా తెలియకుండా జారినవి ఉన్నాయి. ఓ ఉత్తరంలో ఇలా ఉంది: 'ఈ పది రోజులు నాకు నీళ్లలో పాతిన కర్ర చూసే డ్యూటీ. నాన్నగారికి చెప్పకండి, నవ్వుతారు.' మా పెద్దనాన్న ఆ లైనుతో సహా గట్టిగా చదివి వినిపించాడట. తాత నిజంగానే నవ్వి, 'కర్ర చూడ్డానికి గవర్నమెంటోడు జీతమిస్తున్నాడా' అన్నాడట. ఆ కర్ర టైడ్ పోల్. ఒడ్డున గుడారం వేసుకుని ఇద్దరు ముగ్గురు సెయిలర్లు పగలూ రాత్రీ దాని మీది అంకెలు చూస్తూ నీళ్లు ఎంత పెరిగాయో, ఎంత తగ్గాయో రాస్తుంటారు. చార్టులో వేసే లోతు అంటే నీళ్లు బాగా తగ్గినప్పటి లోతు. బోటులో కొలిచిన ప్రతి అంకెలోంచీ ఆ సమయంలో పోటు ఎంత పొంగిందో తీసేయాలి. కర్ర దగ్గర కూర్చున్నవాడు కునుకు తీస్తే ఆ రోజు బోటువాళ్లు చేసిందంతా గంగపాలు. 200 పెద్ద సర్వేలు అని ఒక్క ముక్కలో అయిపోయిన మాటలో ఎన్ని కర్రలు, ఎన్ని నిద్రలేని రాత్రులు ఉన్నాయో లెక్కేసుకోండి.

1987 సంగతి వేరు. ఆ ఏడాది జూలై ఆఖర్లో శాంతిసేన శ్రీలంకకి వెళ్లింది. మా తీగ మీద ఆ ఏడాది వర్షాకాలం దాకా ఉత్తరాలు మామూలుగానే ఉన్నాయి. తర్వాత తొమ్మిది వారాలు ఏమీ లేదు. మామ్మ రోజూ పొద్దున్నే రేడియో పక్కన కూర్చుని ఆకాశవాణి వార్తలు వినేదట. అందులో జాఫ్నా అని వస్తే లేచి వెళ్లిపోయేదట. తొమ్మిది వారాల తర్వాత వచ్చిన ఉత్తరం అరవై ఒక్కటిలోనూ చిన్నది. క్షేమం అని, డబ్బు పంపుతానని, అంతే. అప్పుడు ఓడ ఎక్కడ తిరిగిందో నాకు ఆ ఉత్తరం చెప్పదు. కానీ ఆపరేషన్ పవన్‌లో సాయం అని ప్రకటనలో ఉన్న మూడు ముక్కలు మా ఇంట్లో తొమ్మిది వారాలపాటు ఎలా గడిచాయో ఆ ఖాళీ చెబుతోంది. పోస్టల్ హిస్టరీ అంటే వచ్చిన ఉత్తరాలే అనుకుంటారు. రానివి కూడా.

ఇక్కడ నా మీదికి రాగల మాటలున్నాయి. మొదటిది, దేశ రక్షణ. ఓడల జాడ దాచడానికే ఆ అడ్రసు పెట్టారు, నువ్వు కూర్చుని జాడలు తీస్తున్నావేమిటి అని ఓ రిటైర్డ్ నేవీ మిత్రుడు గట్టిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇవాళ ఉన్న ఓడ గురించైతే నేనూ ఆ మాటే అంటాను. ఇది నలభై ఏళ్ల కిందటి మాట, ఓడే లేదు. పైగా అది తిరిగిన చోట్లు దాచాలన్నా దాగవు. సర్వే చేసిందే చార్టు అచ్చేసి అందరికీ అమ్మడానికి. ఏ ఏడాది సర్వే మీద ఆధారపడి గీశారో చార్టులోనే చిన్న పటం వేసి చెబుతారు. ఓడలు నడిపేవాళ్లకి అది తెలియాలి, పాత సర్వే అయితే జాగ్రత్తపడాలి కదా.

రెండో మాటకి నా దగ్గర ఇంత గట్టి జవాబు లేదు. ఇంటి ఉత్తరాలు పదిమందిలో పెట్టడం ఏం మర్యాద? అందుకే లోపలి రాతలో నేను ఇక్కడ ఎత్తి రాసినవన్నీ చిన్నాన్న సరేనన్నవే. ఒక ఉత్తరం, పెళ్లి సంబంధం గురించి రాసింది, చేత్తో పట్టుకుని చదివి జేబులో పెట్టేసుకున్నాడు. ఇప్పుడు నా దగ్గరున్నవి అరవై. నా మాట ఏమిటంటే, లోపలిది ఇంటివాళ్లది, చూపించాలో వద్దో వాళ్ల ఇష్టం. పైనున్న అడ్రసు, రెండు ముద్రలు, లోపల చేత్తో వేసిన తేదీ మాత్రం పారేయకండి. వాటి ఫోటో తీసి పెట్టుకున్నా చాలు.

పారేస్తున్నారు కాబట్టే చెబుతున్నాను. ఉత్తరాంధ్రలో నేవీకి మనిషిని పంపని ఊరు వెతకాలి. ఈ రెండేళ్లలో నేను అడిగిన పదకొండు ఇళ్లలో తొమ్మిదింట్లో ఒకటే సమాధానం, 'చెదలు పట్టాయని తగలబెట్టేశాం', లేకపోతే 'పాత పేపర్లవాడికి వేసేశాం'. మిగిలిన రెండిళ్లలో ఓ చోట ఉత్తరాలున్నాయి గానీ స్టాంపుల కోసం పిల్లలు మూలలు కత్తిరించేశారు. స్టాంపుతో పాటు ముద్ర పోయింది, తేదీ పోయింది. స్టాంపు ఆ తర్వాత ఎక్కడో పోయింది. రెండో ఇంట్లో ఓ ముసలావిడ ట్రంకు పెట్టె చూపించింది గానీ తెరవనివ్వలేదు. సరే, అది ఆవిడ ఇష్టం.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ ఉత్తరాలకి ఓ కాలం ఉంది, అది అయిపోయింది. 1993 తర్వాత చిన్నాన్న ఉత్తరాలు లేకపోవడానికి ఆయన రాయడం మానేయడం కారణం కాదు, మా ఊళ్లో ఎస్టీడీ బూత్ రావడం కారణం. 2004 సునామీకి సంధాయక్ వెళ్లినప్పుడు అందులో ఉన్న కుర్రాళ్ల ఇళ్లలో బహుశా ఫోను మోగి ఉంటుంది. కాయితం మిగిలి ఉండదు. 2024 ఫిబ్రవరి 3న విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లో రక్షణ మంత్రి చేతుల మీదుగా కొత్త సంధాయక్ చేరింది. అదే పేరు, అదే గార్డెన్ రీచ్. 110 మీటర్ల పొడవు, దాదాపు 3,400 టన్నులు, పాతదాని కన్నా చాలా పెద్దది. దాని మీదున్న పిల్లలు ఇంటికి వాట్సాప్‌లో 'ఓకే మా' అని పెడతారు, ఫోను మార్చినప్పుడు అదీ పోతుంది. ఆ ఓడ చరిత్ర నలభై ఏళ్ల తర్వాత రాసేవాడికి ప్రకటనలు తప్ప ఏమీ దొరకవు. పాతదానికైతే ఇంకా అవకాశం ఉంది. దానికన్నా పాతది దర్శక్, మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టి 1964లో నౌకాదళంలో చేరిన సర్వే షిప్పు. దాని మీద పనిచేసినవాళ్ల ఇళ్లలో ఏం మిగిలిందో నాకు ఒక్క కాయితం కూడా ఇంకా కనపడలేదు.

ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ని ఒడ్డుకెక్కించి మ్యూజియం చేశారు, ఎదురుగా టీయూ-142 విమానం పెట్టారు. నేనూ పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను, బావుంటాయి. సర్వే షిప్పుని అలా పెట్టినా ఎవరు చూస్తారులే, చూడ్డానికి అందులో తుపాకీ కూడా పెద్దగా ఉండదు అనిపిస్తుంది. పెట్టాల్సింది ఓడ కాదేమో. ఓ గోడ మీద చార్టు ఒకటి, దాని పక్కన ఆ సీజన్లో ఇళ్లకి వచ్చిన ఉత్తరాల పైభాగాలు ఓ పాతిక. చార్టుకి చోటు తెలుసు, మనిషి తెలియదు. ఉత్తరానికి మనిషి తెలుసు, చోటు తెలియదు. రెండూ పక్కపక్కన లేకపోతే రెండూ సగం సగమే.

నేను ఇంట్లో చిన్న ఎత్తున అదే చేశాను. అండమాన్ వైపు చార్టు ఒకటి సంపాదించి బల్ల మీద పరిచి, పోర్ట్ బ్లెయిర్ ముద్రలున్న మూడు ఉత్తరాలూ పక్కన పెట్టి చిన్నాన్నని పిలిచాను. ఇప్పుడాయన గాజువాక దగ్గర ఉంటున్నాడు, కళ్లజోడు మందం పెరిగింది. చార్టు చూడగానే ఉత్తరాల మాట మర్చిపోయాడు. వేలితో ఓ దీవి పక్కగా వెళ్లి వెళ్లి ఓ అంకె దగ్గర ఆగాడు. "ఈ పద్నాలుగు నేను రాసిందేరా. దీనికే రెండు సార్లు బోటు తిప్పించారు" అన్నాడు. నిజంగా అదేనో కాదో నాకు తెలియదు. ఆయనకి మాత్రం అనుమానం లేదు.

ఆ ఊపులో నేను దాచుకున్న ప్రశ్న తీశాను. అరవై ఒక్కటిలో పన్నెండు రోజుల ఖాళీ ఉన్న ఉత్తరం ఒకటుందని చెప్పాను కదా, అదే అన్నిటికన్నా పెద్ద ఖాళీ. దాని మీద నేను పెద్ద సిద్ధాంతమే కట్టుకున్నాను. దూరంగా ఏ మనుషుల్లేని దీవి దగ్గరో లంగరేసి ఉంటారు, రేవుకి రావడానికి వీలు పడి ఉండదు, బహుశా వాతావరణం కూడా బాగోలేదేమో అని రెండు పేజీలు టైపు చేసి పెట్టుకున్నాను. అదంతా చదివి వినిపించాను.

చిన్నాన్న ఉత్తరాన్ని వెలుతురుకి ఎత్తి తేదీ చూశాడు.

"ఆ ట్రిప్పులో షిప్పుకి పోస్ట్‌మేన్ డ్యూటీ నాదే. సంచి నేను పడుకునే బంకు కిందే ఉండేది. రేవులో దిగిన రోజు జ్వరంతో పడుకుని ఇవ్వడం మర్చిపోయాను. వారం రోజులు నేను రాసిన ఉత్తరం మీద నేనే పడుకున్నాను. షిప్పు మొత్తం ఉత్తరాలు అందులోనే ఉన్నాయి, అందరూ తిట్టారు" అన్నాడు.